పేరు పలక కాదు, మూస చెయ్యండి

పిల్లలూ, ఈమధ్య ఏ విజ్ఞాన ప్రదర్శనకు వెళ్లినా ఏదో ఒక బల్ల మీద లేజరుతో కోసిన పేరు పలకలు కనిపిస్తున్నాయి. పలచని చెక్క మీద ముఖ్య అతిథి పేరో, బడి పేరో చక్కగా కోసి ఉంటుంది. అంచులు సన్నగా నల్లబారి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మొన్న అటువంటి బల్ల దగ్గర నిలబడి, "ఇది చేస్తూ మీరేం నేర్చుకున్నారు?" అని అడిగాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరకు ఒకడు, "మిషను కోసింది సార్" అన్నాడు.

నిజం చెప్పినందుకు వాణ్ణి మెచ్చుకున్నాను. కాని ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆ మాటే గుర్తొచ్చింది. మిషను కోసింది. మరి పిల్లవాడేం చేశాడు?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లేజరు కోత యంత్రం బడి పిల్లలకు అందుబాటులోకి వస్తే, దానితో వస్తువులు చేయించకూడదు. వస్తువుల్ని పుట్టించే మూసలు చేయించాలి. ఆ మూసల్లో కరిగిన తగరం పోయించాలి. పాతికేళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో సైన్సు చెబుతున్నాను. గుప్తోష్ణం, అధమ వాహకం, సంకోచం వంటి మాటల్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ మాటలన్నీ ఒక్క మధ్యాహ్నంలో పిల్లల కళ్లముందుకు వచ్చింది మాత్రం ఒక మూస దగ్గరే.

మూస అంటే మనకు కొంచెం చిన్నచూపు. బాగాలేని సినిమాను "మూస సినిమా" అంటాం. కాని మూసలో పోసినదానికీ, మూస తయారుచేసినవాడికీ చాలా తేడా ఉంది. మనం తిట్టవలసింది రెండోవాణ్ణి కాదు.

ముందు లోహం సంగతి చూద్దాం. నా చిన్నతనంలో మా వీధిలోకి కళాయి సాయిబు వచ్చేవాడు. చెట్టు కింద చిన్న గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసి, మా అవ్వ ఇచ్చిన ఇత్తడి గిన్నెను ఎర్రగా కాల్చేవాడు. నవాసాగరం చల్లగానే తెల్లటి పొగ గుప్పుమనేది. వెండిలా మెరిసే ఒక కడ్డీని గిన్నెకు తాకించేవాడు. అది వెన్నలా కరిగేది. దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా తళతళలాడేది. ఆ కడ్డీయే తగరం. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెంటీగ్రేడు, రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. తగరానికి 232 డిగ్రీలు చాలు. వంటింటి పొయ్యి మీద కరిగే లోహం అన్నమాట.

ఈ తగరంలో కొంచెం ఆంటిమొని, కొంచెం రాగి కలిపితే వచ్చే మిశ్రమ లోహమే ప్యూటర్. ఇందులో 90 శాతానికి పైగా తగరమే ఉంటుంది. పూర్వం యూరపులో కంచాలు, చెంబులు దీనితోనే చేసేవారు. తగరం మరీ మెత్తన కాబట్టి కాస్త గట్టిపడటానికి మిగతావి కలుపుతారు. మనం ఇళ్లల్లో అల్యూమినియం గిన్నెల్ని సత్తు గిన్నెలు అంటాం గదా, అది వేరు, ఇది వేరు. అల్యూమినియం 660 డిగ్రీలకు గాని కరగదు. దాని జోలికి మనం పోవద్దు.

ఇక లేజరు. చెక్కను, అట్టను కోసే యంత్రాల్లో ఎక్కువగా ఉండేది కార్బన్ డయాక్సైడ్ లేజరు. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దీని కిరణం పరారుణం కాబట్టి కంటికి కనిపించదు. కటకం దాన్ని ఒక సన్నని బిందువు మీదికి చేరుస్తుంది. అక్కడ చెక్క కాలి ఆవిరైపోతుంది. కంప్యూటరులో మీరు గీసిన గీత వెంబడి ఆ బిందువు నడుస్తుంది. గీత ఎందుకు గీశారో, అది బొమ్మో, బొక్కో దానికి తెలియదు.

ఆ మాట ఊరికే అనలేదు. మా బడిలో లేజరు యంత్రం లేదు. పట్నంలో పేర్ల బోర్డులు, పెళ్లి మండపాల అలంకారాలు కోసే దుకాణాలున్నాయి. మేం కంప్యూటరు గదిలో బొమ్మ గీసి, పెన్ డ్రైవులో వేసుకుని ఒక దుకాణానికి వెళ్లాం. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎం.డి.ఎఫ్. చెక్క, అంటే రంపపు పొట్టులాంటి నారను జిగురుతో అదిమి చేసిన పలక, దాంట్లో కోయమన్నాం. దుకాణంలోని అబ్బాయి కోత పూర్తికాగానే అక్షరాల్ని జాగ్రత్తగా తీసి కాగితంలో చుట్టి మా చేతికిచ్చాడు. అక్షరాల ఆకారంలో చిల్లులు పడిన పలకను విరిచి చెత్తబుట్టలో వేశాడు! మాకు కావలసింది ఆ చిల్లుల పలక. పిల్లలు గొల్లుమన్నారు. అతని తప్పేముంది? ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని బొక్క కావాలని అడగలేదు.

మూస నిర్మాణం చాలా తేలిక. మూడు పలకలు. వెనక ఒకటి, ముందు ఒకటి, రెండూ సాదావి. నడిమి పలకలో మాత్రం బొమ్మ ఆకారం ఆరపారా కోసి ఉంటుంది. ఓళిగలో పూర్ణంలాగ లోహం ఈ మధ్య ఖాళీలో నిలుస్తుంది. పైనుంచి పోయడానికి గరాటులాంటి దారి ఒకటి నడిమి పలకలోనే కోయాలి. మూడింటినీ గట్టి క్లిప్పులతో బిగించి, నిలువుగా ఇసుకలో పాతిపెట్టి పోయడమే.

వినడానికి ఇంతే. మొదటిరోజు మాకు ఒక్కటీ సరిగా రాలేదు.

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు తన పేరులోని మొదటి అక్షరం "ర" కోయించుకున్నాడు. పోసి, చల్లార్చి, విప్పి చూస్తే గుండ్రటి బిళ్ల ఒకటి వచ్చింది, నెత్తిన చిన్న తలకట్టు. "ఏం సార్ ఇట్లొచ్చింది? పకోడీ మాదిరి ఉంది" అన్నాడు. తప్పెక్కడుంది? "ర" మధ్యలో ఉన్న గుండ్రటి చెక్కముక్క కోత పూర్తికాగానే రాలి కింద పడిపోయింది. దానికి ఆధారం లేదు గదా. ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్, టి, ఎస్ కోసుకునేవాడికి ఈ బాధ లేదు. మన లిపి గుండ్రన. సున్నలో, "ర"లో, "ఠ"లో నడుమ ఒక ద్వీపం ఉంటుంది. ఆ ద్వీపాన్ని వెనక పలకకు సరైన చోట జిగురుతో అంటించాలి. లేదా సన్నని వంతెన ఒకటి వదిలి కోయాలి. వాడు అంటించే పద్ధతే ఎంచుకున్నాడు. సరైన చోటు తెలియడానికి వెనక పలక మీద పలచగా గీత గీయమని లేజరుకే చెప్పాడు. అది నేను చెప్పింది కాదు.

ఇంకొక అమ్మాయి కలివికోడి బొమ్మ గీసింది. కలివికోడి మీకు తెలిసే ఉంటుంది. అంతరించిపోయిందని అందరూ అనుకున్న తర్వాత 1986లో మన కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ కనిపించి ప్రపంచ పక్షిశాస్త్రజ్ఞుల్ని ఆశ్చర్యపరచిన పిట్ట. దాని కాళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి. చిక్కు అక్కడే వచ్చింది. పైన తల దగ్గర నుంచి పోస్తే ఒళ్లంతా నిండింది గాని కాళ్లు రాలేదు. సన్నని సందులో కొద్దిపాటి లోహమే ఉంటుంది. చుట్టూ చల్లటి చెక్క. కిందికి చేరేలోపలే గడ్డకట్టిపోయింది. పైగా అక్కడ చిక్కుకున్న గాలి బయటికి పోయే దారి లేదు. వరసగా నాలుగు కుంటి పిట్టలు పుట్టాయి.

ఐదోసారి ఆ అమ్మాయి పిట్టను తలకిందులుగా నిలబెట్టింది. కాళ్లు రెండూ పైకి. వాటిని ఒకింత లావు చేసింది. ఒక కాలి చివర గరాటు పెట్టింది, రెండో కాలిని పలక అంచుదాకా పొడిగించి ఖాళీగా వదిలింది. ఒక కాలిలోంచి లోహం దిగింది, లోపలి గాలి రెండో కాలిలోంచి బయటికి పోయింది, కాసేపటికి ఆ రెండో కాలిలోనూ మెరుస్తూ లోహం పైకి తేలింది. రెండు కాళ్లూ వచ్చాయి. ఆ రోజు ఆ అమ్మాయి ముఖం చూసినవాళ్లు ఎవరూ నాతో పేరు పలకల గురించి వాదించరు. లేజరు యంత్రం ఆ నాలుగు తప్పుల్లో ఒక్కదాన్నీ పట్టుకోలేదు. ఐదోసారి వచ్చిన ఆలోచనా దానిది కాదు. గీసినదాన్ని గీసినట్టు కోసింది, అంతే.

తప్పు చేస్తే నష్టమెంత? చెడిన పిట్టను మళ్లీ గరిటెలో వేస్తే కరిగిపోతుంది. పోయేది అరచేతి వెడల్పు చెక్క. ఇంత చవకగా తప్పులు చేయనిచ్చే పాఠం నాకు ఇంకొకటి తెలియదు. తగరం చవక కాదు గాని, ఒకసారి కొన్న అరకిలో ఏళ్ల తరబడి తిరుగుతుంది.

మీలో తెలివైనవాళ్లకు ఈపాటికి సందేహం వచ్చి ఉండాలి. కరిగిన లోహం పోస్తే చెక్క కాలిపోదా? లెక్క వేసి చూడండి. మన పిట్ట బరువు 20 గ్రాములు అనుకుందాం. తగరం ఒక్కొక్క గ్రాము గడ్డకట్టేటప్పుడు సుమారు 60 జౌళ్ల గుప్తోష్ణం వదులుతుంది. అంటే 1,200 జౌళ్లు. ఆ తర్వాత 232 నుంచి 30 డిగ్రీలకు చల్లారాలి. తగరం విశిష్టోష్ణం 0.23 మాత్రమే. కాబట్టి ఇంకొక 930 జౌళ్లు. కొంచెం ఎక్కువ వేడి మీద పోస్తాం గనక మరో నూరు కలుపుకోండి. మొత్తం 2,200 చిల్లర. అదే 20 గ్రాముల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవాలంటే 5,880 జౌళ్లు కావాలి. రెండు మూడు చెంచాల నీళ్లు కాగడానికి పట్టే వేడిలో సగం కూడా ఆ మెరిసే లోహంలో లేదు! చెక్క అధమ వాహకం. ఆ కాస్త వేడి లోపలికి చొరబడేలోగా లోహం గడ్డకడుతుంది. చెక్క పైపొర మాత్రం గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్నిసార్లు పోసిన తర్వాత అంచులు కాలి మొద్దుబారతాయి, అప్పుడు కొత్త పలక కోయించుకోవాలి. ఉష్ణోగ్రత ఎక్కువైందేమో చూడటానికి ఎండిన ఐసుపుల్లను కరిగిన లోహంలో ముంచి తీయండి. మెల్లగా గోధుమరంగు తేలితే సరి. వెంటనే పొగలు కక్కితే పొయ్యి తగ్గించాలి.

ఇంకొక చిన్న ఉపాయం. పలకల లోపలివైపు బలపం పొడి పలచగా రుద్దండి, లోహం సాఫీగా జారుతుంది. పలక మీద రాసే తెల్ల బలపం మెత్తటి రాయి. ఆ బలపపు రాయి గనులు మన పాత కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఉన్నాయి. లేజరు పుట్టకముందు, ఆ మాటకొస్తే కరెంటు కూడా పుట్టకముందు, ఆ రాతినే చెక్కి తగరానికి, సీసానికి మూసలు చేసుకున్న జాతులు ప్రపంచంలో ఎన్నో. వేడికి పగలదు, గోటితో గీరినా గీత పడుతుంది. దుకాణానికి వెళ్లే స్తోమత లేని బడి ఏదైనా ఉంటే బాధపడనక్కరలేదు. ఒక రాతిముక్క, ఒక మేకు చాలు. లోపలి ఆలోచన ఒకటే.

పలకలు పేర్చి మూస చేసే ఆలోచన కూడా కొత్తదేం కాదు. 1936లో బీర్బల్ సాహ్ని రోహ్‌తక్ దగ్గరున్న ఖోక్రాకోట్ దిబ్బ మీద కాల్చిన మట్టి పెంకుల్ని చూశాడు. ఆయన నాణేల పండితుడు కాదు, శిలాజ వృక్షాల్ని చదివే శాస్త్రజ్ఞుడు. అయినా వదిలిపెట్టలేదు. అవి యౌధేయులనేవారి నాణేల మూసలు, సుమారు రెండువేల ఏళ్ల నాటివి. గుండ్రటి మట్టి బిళ్లలు, ఒక్కొక్క బిళ్లలో చుట్టూ నాణేల గుంటలు, నడుమ ఒక రంధ్రం, ఆ రంధ్రం నుంచి ఒక్కొక్క గుంటకు సన్నని కాలువ. బిళ్లల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, నడిమి రంధ్రంలో లోహం పోస్తే ఒక్క పోతలో ఎన్నో నాణేలు. 1945లో ఆయన దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. మా పిల్లలకు ఆ బిళ్ల బొమ్మ గీసి చూపించగానే, "మన మూసే కదా సార్ ఇది!" అన్నారు. మరుసటి వారం మూడు పిట్టలు ఒకే గరాటు కింద వేలాడాయి.

మన ఆంధ్రదేశంలో సాతవాహనులు సీసపు నాణేలు విరివిగా వేయించారు. ఈ తరహా పత్రికలు ఒకప్పుడు అచ్చయింది కూడా సీసం, తగరం, ఆంటిమొని కలిపి పోతపోసిన అక్షరాలతోనే. అచ్చు అనే మాటకు మూస అనీ, ముద్రణ అనీ రెండర్థాలూ ఉండటం ఊరికే కాదు. అయితే సీసం అప్పట్లో వాడారని మీరూ వాడకండి. ఈ విషయంలో నేను బతిమాలను, గట్టిగానే చెబుతున్నాను. పాత బ్యాటరీల సీసం, వలలకు కట్టే గుండ్లు, రేడియో బాగుచేసేవాళ్ల దగ్గరి పాత టంకం, ఇవేవీ కరిగించవద్దు. సీసం ధూళి, పొగ ఒంట్లోకి చేరితే పిల్లల మెదడుకు చేటు. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదు. తగరం కొనేటప్పుడు సీసం లేనిదని రాసి ఉన్నదే కొనాలి. 99.3 శాతం తగరం, మిగతాది రాగి ఉన్న టంకం కడ్డీలు దొరుకుతాయి. 227 డిగ్రీలకే కరుగుతాయి. మా పిట్టలన్నీ వాటితో పుట్టినవే.

లేజరు దగ్గరా ఒక నిషేధం ఉంది. పి.వి.సి. రేకును ఎప్పుడూ కోయించకండి. అందులో క్లోరిన్ ఉంటుంది. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పుట్టి ఊపిరితిత్తుల్నీ, యంత్రాన్నీ రెండింటినీ తింటుంది. ఎం.డి.ఎఫ్. పొగ కూడా మంచిది కాదు. పొగను బయటికి లాగే గొట్టం లేని చోట నిలబడకండి.

ఇక అసలు అభ్యంతరం. "కరిగిన లోహం పిల్లల చేతికా? రేపేమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాకే ఒకసారి బుద్ధి వచ్చింది. కార్తీక మాసపు ముసురులో, నీళ్ల కుండ పక్కన పెట్టిన మూసను ఆరబెట్టకుండా పోశాను. చెక్కలోని చెమ్మ ఆవిరయింది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. తగరం చిటపటమని ఎగిరి నా కళ్లద్దాల మీద రెండు చుక్కలు పడి అంటుకుపోయాయి. అద్దాలు లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. ఆ కళ్లద్దాలు ఇప్పటికీ ప్రయోగశాలలో మేకుకు వేలాడుతున్నాయి. అప్పటినుంచి మూసలు రెండు గంటలు ఎండలో పడి ఉండాల్సిందే. మన ఎండ దీనికన్నా పనికొస్తున్నందుకు సంతోషం. పోత ఆరుబయటే, ఇసుక నింపిన తొట్టిలోనే. కంటికి అద్దాలు, చేతికి తోలు తొడుగులు, కాలికి బూట్లు. చెప్పులు పనికిరావు. దగ్గర్లో నీళ్ల చెంబు ఉండకూడదు. గరిటె పట్టేటప్పుడు పక్కన ఉపాధ్యాయుడు ఉండి తీరాలి. ఇంట్లో ఒంటరిగా చేశారని తెలిస్తే ఈ వ్యాసం రాసినందుకు నేనే సిగ్గుపడాలి.

ఇవన్నీ పాటిస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. సైకిలు నేర్చుకోవడంలోనూ పోదు. నాకు అంతకన్నా పెద్ద ప్రమాదంగా తోచేది ఇంకొకటి ఉంది. నేను చూసిన ఒక గదిలో ఖరీదైన యంత్రం ఒకటి పూల దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పెద్దలెవరైనా వచ్చినరోజు దుప్పటి తీస్తారు, మరునాడు మళ్లీ కప్పుతారు. "పిల్లలు ముట్టుకుంటే పాడవుతుంది సార్" అని నాతో అన్నారు. నిజమే, పాడవుతుంది. దుప్పటి కింద ఉన్నా పాతబడుతుంది. ఆ బడి పిల్లల్లో ఎందరో రేపు ఐ.టి.ఐ.కి పోతారు, కొందరు మన కడప జిల్లా ఆనవాయితీ ప్రకారం కువైట్‌కి పోతారు. అక్కడ యంత్రం ముందు నిలబడినప్పుడు, అది కోసినదాన్ని తీసి ఇచ్చే మనిషిగా నిలబడాలా, ఏం కోయాలో చెప్పే మనిషిగా నిలబడాలా? ఈ తేడా పడేది తొమ్మిదో, పదో తరగతుల్లోనే అని నా అనుభవం.

హైదరాబాదులో 2023లో టి-వర్క్స్ అనే పెద్ద కర్మశాల తెరిచారు. అక్కడ ఇటువంటి యంత్రాలు ఎన్నో ఉన్నాయి. మన కర్నూలులో జగన్నాథగట్టు మీద ఉన్న కేంద్ర విద్యాసంస్థ పేరులోనే డిజైన్, మాన్యుఫాక్చరింగ్ అనే మాటలున్నాయి. వీలైతే వెళ్లి చూసి రండి. వెళ్లలేకపోతే మీ ఊరికి దగ్గరి పట్నంలో పేర్ల బోర్డుల దుకాణం ఉంటుంది. ముందు అట్టముక్కల మీద కత్తెరతో కోసి, మూడు పొరలు పేర్చి చూసుకోండి. ద్వీపాలు రాలుతున్నాయా, గాలికి దారి ఉందా, సన్నని కాలు ఎక్కడుంది, అన్నీ అట్టలోనే తెలుస్తాయి. ఆ తర్వాతే పెన్ డ్రైవు పట్టుకుని బయల్దేరండి.

మేం వెళ్లే దుకాణంలో ఆ అబ్బాయి ఇప్పుడు మాకు బాగా స్నేహితుడు. పిట్టల్లో ఒకటి అతని తాళంచెవులకు వేలాడుతోంది. మా పిల్లలు గుమ్మంలో కనిపించగానే యంత్రం మూత ఎత్తుతూ అడుగుతాడు, "ఈసారి బొమ్మ కావాల్నా, బొక్క కావాల్నా?"